హాలు మధ్యలో నిలబడ్డ అల్మారా గారికి

మహారాజశ్రీ అల్మారా గారి సముఖానికి,

విజయవాడ సత్యనారాయణపురంలో, రెండో అంతస్తులో, తమరితో పాటే ఒకే హాల్లో కాపురముంటున్న అద్దెదారు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఉభయుల్లో తమరి కుశలానికి ఢోకా లేదు. తమరి పక్కనుంచి రోజూ తిరిగే మా సంగతే కాస్త అనుమానం.

మీరు మా ఇంటికి గోడగా వచ్చారు. తెనాలి నుంచి మా అమ్మ మా దగ్గరికి వచ్చేస్తానన్నప్పుడు, రెండు బెడ్‌రూముల ఇంట్లో మూడో గది ఎక్కణ్ణుంచి తేవాలా అని నేనూ మా ఆవిడా వారం రోజులు తలలు పట్టుకున్నాం. ఇటుక గోడకి ఓనర్ గారు ఒప్పుకోరు. ప్లైవుడ్ పార్టిషన్‌కి కార్పెంటర్ చెప్పిన రేటు వింటే కళ్లు తిరిగాయి. అప్పుడు ఫోన్‌లో మీరు కనిపించారు. ఆరడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, అడుగు లోతు, అటూ ఇటూ తెరిచి ఉన్న 24 గళ్లు. ఫొటోలో మీ పక్కన ఒక మనీప్లాంటు, మీ నెత్తిన ఒక తెల్లపిల్లి. పిల్లి కూడా ఎంత నిబ్బరంగా కూర్చుందో!

మూడు అట్టపెట్టెల్లో వచ్చారు. కూడా ఒక చిన్న కవరు. అందులో రెండు ఎల్ క్లాంపులు, నాలుగు స్క్రూలు, ఒక బొమ్మల కాగితం. కాగితంలో ఒక అల్మారా ఒక మనిషి మీద పడుతోంది, ఆ బొమ్మకి అడ్డంగా గీత కొట్టి ఉంది. కార్పెంటర్ ఆ కవరు నా చేతిలో పెట్టి, "ఇవి గోడకి ఆనించి పెట్టుకునేవాళ్లకి సార్. మీది మధ్యలో కదా, అక్కర్లేదు. ఏం కాదు. ఇంత బరువుంది, ఎక్కడికి పోద్ది?" అన్నాడు.

వెనక గోడ ఉన్న అల్మారాకేమో క్లాంపు కావాలట, వెనకా ముందూ ఎవరూ లేని అల్మారాకి అక్కర్లేదట. నేనూ తలూపాను. గోడకి మేకు దిగితే అడ్వాన్సులో కోత పడుతుందని ఓనర్ గారు ముందే చెప్పి ఉన్నారు మరి. మన హాలు నేలకి బాల్కనీ వైపు వాటం ఉంది కాబట్టి మీరు కొంచెం అటు ఒరిగారు. ఆ మూల కింద పాత దినపత్రిక నాలుగు మడతలు పెట్టాం. బస్సులకీ లారీలకీ బాడీలు కట్టే ఆటోనగర్ ఉన్న ఊళ్లో, నా ఇంటి గోడ ఒక ఆదివారం అనుబంధం మీద నిలబడింది.

ఇక అమ్మ అరలు సర్దింది. ఆవకాయ జాడీ, మాగాయ జాడీ, నెయ్యి డబ్బా పై వరసలో. ఎవరి చేయి పడితే వాళ్ల చేయి తగలకూడదట. పుస్తకాల పండక్కి వెళ్లినప్పుడల్లా మోసుకొచ్చిన నా పుస్తకాలు నడుమ వరసల్లో. కింది వరసలు ఖాళీ, ఎందుకంటే మా మూడేళ్ల చిన్నది అక్కడివన్నీ లాగేస్తుంది. పైన పటారం, లోన లొటారం అంటారే, అచ్చం అలా తయారయ్యారు.

మా బావమరిది సివిల్ ఇంజినీరు. టీ తాగుతూ మిమ్మల్ని ఓసారి తేరిపార చూసి, కిరాణా చీటీ వెనక లెక్క వేశాడు. "బావా, సామానుతో కలిపి 60 కిలోలనుకో. అడుగు లోతులో బరువు మధ్యన ఉందనుకున్నా అంచుకి అరడుగే దూరం. ఆరడుగుల ఎత్తున ఎవరైనా 5 కిలోల బలంతో నెడితే ఇది లేవడం మొదలెడుతుంది. పైభాగం అడుగు మేర ఒరిగిందా, ఇక వెనక్కి రాదు. అదీ బరువు సమానంగా ఉంటే. అత్తయ్య పైన జాడీలు పెట్టారు కాబట్టి అంత దూరం కూడా అక్కర్లేదు." ఇంతా చెప్పి, మీకు వెనక పలక లేదని గుర్తు చేశాడు. ఆ పలుచటి పలకే మూలల్ని గుంజి పట్టుకుని గళ్లు వాలిపోకుండా చూస్తుందట. అది లేకపోతే అల్మారా ముందుకీ వెనక్కీ పడటమే కాదు, పక్కకి కూడా నలుగుతుంది. "ఇది అల్మారా కాదు బావా, నిలబెట్టిన పేకముక్క" అన్నాడు.

"ఏం కాదులేరా" అన్నాను. అవును, నేనే అన్నాను.

2024 డిసెంబర్ 4, పొద్దున ఏడున్నర ఇంకా కాలేదు. ములుగులో 5.3 తీవ్రతతో భూమి కదిలితే ఆ వణుకు మన బెజవాడ దాకా వచ్చింది. కొన్ని సెకన్లే. నేను పళ్లు తోముకుంటూ చూస్తుండగా మీరు పెళ్లిచూపుల్లో పిల్లాడిలా చిన్నగా తలూపారు. పై వరసలో ఉన్న కొండపల్లి ఏనుగు అంబారీతో సహా కింద పడింది. పొణికి చెక్క కదా, దూదిలా తేలిక. అంబారీ మాత్రం విరిగింది. దాని పక్కనే ఉన్న ఆవకాయ జాడీ అంచు దాకా జరిగి ఆగింది.

అప్పుడైనా బుద్ధి వచ్చిందనుకున్నారా? ఫెవికాల్‌తో అంబారీ అతికించుకున్నాం, అంతే.

బుద్ధి సంక్రాంతికి వచ్చింది. వంటింట్లో అరిసెలు వేగుతున్నాయి. ఇటు హాల్లో మా చిన్నది మీ గళ్లని మెట్లనుకుని రెండో వరస ఎక్కి మూడోదానికి చేయి చాచింది. మీరు మర్యాదగా దాని వైపు వంగారు. దినపత్రిక మడత బయటికొచ్చింది. అమ్మ మంచం మీంచి లేచి రెండు చేతులతో మిమ్మల్ని పట్టుకుంది. డెబ్బై ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. నేను పరిగెత్తుకొచ్చేసరికి ఆవిడ ఒక్కతే ఆ ఇంట్లో గోడ.

మర్నాడు ఓనర్ గారి కాళ్లావేళ్లా పడి అనుమతి తెచ్చుకున్నాను. బావమరిది రసమట్టం పట్టుకుని దిగాడు. ముందు మీ నెత్తి మీది జాడీలు దించి అడుగు వరసకి పంపాడు. గోడకి తగిలే కొసకి పైనా నడుమా కిందా మూడు క్లాంపులు. స్విచ్‌బోర్డుకి నిట్టనిలువుగా వైరు పైపు పోతుంది కాబట్టి ఆ గీత వదిలేశాడు. ప్లాస్టరింగ్‌లో ఆగిపోతే స్క్రూని పట్టుకునే ప్లాస్టిక్ ప్లగ్గు ఊడొస్తుందని, దాన్ని దాటి ఇటుకలోకి దిగేదాకా డ్రిల్లు నొక్కాడు. రెండో కొసకి ఆసరా ఏమీ లేదు కదా, ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించిన చదరపు ఇనప పైపుని నేల నుంచి పదడుగుల స్లాబు దాకా నిలబెట్టి, పైన ప్లేటుకి యాంకర్ బోల్టులు బిగించాడు. కింద టైలు పగలకుండా డ్రిల్లులో సుత్తిలా కొట్టే హ్యామర్ ఆపేసి మెల్లగా తిప్పాడు. టైలు దాటాకే హ్యామర్.

మీ ఒంట్లోకి స్క్రూ దింపబోతే పొట్టు రాలింది. రంపపు పొట్టూ జిగురూ అదిమి చేసిన దేహం కదా తమరిది. పాపం, సింగ్‌నగర్‌లో బుడమేరు వరద తీశాక మీ బంధువులు వీధుల్లో అప్పడాల్లా ఉబ్బి పడి ఉండటం చూశాను. అందుకని స్క్రూలు మానేసి అటునుంచి ఇటు దాకా బోల్టులు దూర్చి, రెండు వైపులా పెద్ద వాషర్లు వేసి పైపుకి కట్టేశాం. అమ్మ మిమ్మల్ని ఒకటికి రెండుసార్లు తోసి చూసింది. కదల్లేదు. "ఇప్పుడు గోడలా ఉంది" అంది.

ఆ మాట వినడానికే వచ్చినట్టు ఓనర్ గారు అప్పుడే గుమ్మంలోకి వచ్చారు. మిమ్మల్ని తట్టి చూశారు, పైపుని పట్టి ఊపారు, అమ్మ మంచం వైపు తొంగి చూశారు. "చక్కగా త్రీ బెడ్‌రూమ్ అయిపోయిందండీ. వచ్చే నెల నుంచి ఇంకో వెయ్యి కలిపి పంపండి. అన్నట్టు, ఇది గోడకి బిగించేశారు కదా, ఖాళీ చేసేటప్పుడు ఇక్కడే వదిలేయాలి" అన్నారు.

కాబట్టి తమరికి మనవి చేసేదేమంటే, ఆ వెయ్యి తమరి వాటా. ఒకటో తారీఖులోపు ఇప్పించగలరు.

ఇట్లు,
మీ ఇంట్లో అద్దెకుంటున్నవాడు