చీటీలో మందులు రాస్తారు, కసరత్తు ఎందుకు రాయరు?

మొన్న మా వీధి చివర ఒక కుక్కని స్కూటర్ గుద్దింది. చుట్టూ చేరినవాళ్లలో ఒకాయన "నడుం పోయిందండీ, ఇంక లాభం లేదు, ప్రాణం పోయేలా ఇంజెక్షన్ చేయించెయ్యండి" అన్నారు. మిగతావాళ్లు తలలూపారు. ఆ మాట విన్నప్పటినుంచి నా మనసు మనసులో లేదు. ఎందుకంటే ఏడాదిన్నర కిందట మా చంటి గురించి సరిగ్గా ఇదే మాట విన్నాను. పోస్ట్ పొడుగవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

చంటి నాటు కుక్క. అప్పటికి మూడేళ్లవాడు. విజయవాడలో మా గేటు ముందే ఆటో గుద్దింది. పైకి రక్తం చుక్క కూడా లేదు, కానీ వెనక కాళ్లు రెండూ చచ్చుబడిపోయాయి, ముందు కాళ్లతోనే ఈడ్చుకుంటూ అరుగు దాకా వచ్చి మా అమ్మ పక్కన పడుకున్నాడు. మొదట తీసుకెళ్లిన క్లినిక్‌లో ఎక్స్‌రే తీశారు, వెన్నుపూస విరగలేదన్నారు, ఆ వెంటనే "కానీ నరాలు పోయాయి, ఇది ఇంక లేవదు, దాన్ని బాధపెట్టడం ఎందుకు" అన్నారు. మొత్తం ఐదు నిమిషాలు పట్టలేదు. నేను సరే అనబోయాను, నిజం చెప్తున్నాను. అమ్మే ఒప్పుకోలేదు. "ఇంకొకరికి చూపించి అప్పుడు చూద్దాం" అని చంటిని దుప్పట్లో చుట్టి తనే ఎత్తుకుంది.

రెండో డాక్టర్ గారు చేసిన పని ఒకటి మీ అందరికీ చెప్పాలి. ఆయన చంటి వెనక కాలి వేలిని ఫోర్సెప్స్‌తో గట్టిగా నొక్కారు. కాలు వెనక్కి లాక్కున్నాడు. నేను సంతోషపడిపోయాను. ఆయన మాత్రం "కాలు లాక్కోవడం లెక్కలోకి రాదమ్మా, అది వెన్నుపాము తనంతట తానే చేసేస్తుంది, నొప్పి మెదడు దాకా వెళ్లిందా లేదా అన్నది మనకి కావాలి" అని ఇంకోసారి నొక్కి వాడి మొహం వంకే చూస్తూ ఉన్నారు. చంటి తల తిప్పి తన కాలి వైపు చూసి కుయ్యిమన్నాడు. రెండో కాలికీ అంతే. "నొప్పి తెలుస్తోంది. దారి మొత్తం తెగిపోలేదు. టైమ్ ఇద్దాం" అన్నారు.

ఇంతే పరీక్ష. డబ్బు ఖర్చు లేదు, మెషిన్ అక్కర్లేదు. డాషండ్ లాంటి పొట్టి కాళ్ల కుక్కలకి వెన్నులో డిస్క్ జారి కాళ్లు పడిపోతే కూడా ముందు చూసేది ఇదే. ఈ నొప్పి తెలుస్తూ ఉండి ఆపరేషన్ చేయిస్తే పదింటిలో తొమ్మిది దాకా మళ్లీ నడుస్తాయి, తెలియకపోతే ఆపరేషన్ చేసినా సగమే నడుస్తాయి. బండి గుద్దిన దెబ్బకి ఈ లెక్క ఇలాగే పనికిరాదు, వెన్నుపూస విరిగి పక్కకి జరిగిపోయి నొప్పి కూడా తెలియని కుక్క విషయంలో ఆశ చాలా తక్కువ. దాని బాధ చూడలేక నిద్రపుచ్చే నిర్ణయం తీసుకున్నవాళ్లని నేను ఒక్క మాట అనను. కానీ వేలు నొక్కి చూడకుండా ఆ మాట అనేయడం మాత్రం తప్పు. ముమ్మాటికీ తప్పు.

సరే, ఇప్పుడు నా అసలు కోపం దేనిమీదో చెప్తాను. ఆ మంచి డాక్టర్ గారి చీటీలో కూడా ఐదు మందులు ఉన్నాయి. నొప్పికి, వాపుకి, కడుపులో మంట రాకుండా, నరాలకి బీ కాంప్లెక్స్, ఇన్ఫెక్షన్‌కి ఒకటి. కింద "నాలుగు వారాలు రెస్ట్". అంతే! ఆ నాలుగు వారాల్లో ఏం చేయాలి, ఆ తర్వాత ఏం చేయాలి, ఒక్క ముక్క లేదు. బయట ముప్ఫై మంది క్యూలో ఉన్నారు, ఆయన్ని ఎంతసేపని నిలబెట్టి అడుగుతాం. మనిషికి మోకాలి చిప్ప మారిస్తే మర్నాడో ఎల్లుండో లేపి నిలబెడతారు, ఇంటికి పంపేటప్పుడు బొమ్మలతో సహా కాగితం ఇచ్చి ఏ కసరత్తు ఎన్నిసార్లో చెప్తారు. కుక్క దగ్గరికి వచ్చేసరికి మందు వేసి దేవుడికి వదిలేయడమేనా?

వదిలేస్తే ఏమవుతుందో నేను చూశాను. రెండు వారాలు తిరిగేసరికి చంటి తొడ కండ కరిగిపోయి నా గుప్పిట్లో ఇమిడిపోయింది. కీళ్లు బిగుసుకోవడం మొదలైంది. నరం బాగుపడినా అది కదిలించడానికి కండంటూ మిగిలి ఉండాలి కదా.

మా పిన్ని కూతురు మనుషుల ఫిజియోథెరపిస్ట్. తను డాక్టర్ గారితో ఫోన్‌లో మాట్లాడి, ఏది చేయొచ్చో ఏది చేయకూడదో ఆయన్నే అడిగి తెలుసుకుని, వీడియో కాల్‌లో అమ్మకి నేర్పింది. చంటిని పక్కకి తిప్పి పడుకోబెట్టి, నడుం కదలకుండా ఒక చెయ్యి ఆనించి, మొదట వెనక కాలివేళ్లు ఒక్కొక్కటీ, తర్వాత మడమ కీలు, మోకాలు, తుంటి, ఒక్కో కీలు పది పదిహేను సార్లు మెల్లగా వంచి చాపడం, రోజుకి మూడు పూటలు. నొప్పి అనిపిస్తే అక్కడే ఆపేయాలి. అమ్మ రెండు రోజులు చేసి "ఇది నాకు కొత్తేం కాదే, మిమ్మల్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసేముందు మీ అమ్మమ్మ చేసిందిదే" అంది. నిజమే, నూనె రాసి కాలూ చెయ్యీ ఎదురెదురుగా కలిపి సాగదీసే ఆ పని మన ఇళ్లలో తరతరాలుగా ఉంది. చంటికి కూడా అమ్మ ముందు అరచేతులు రుద్దుకుని వేడి చేసుకుని తొడలు మర్దన చేసేది. మూడో రోజుకల్లా వాడు ఆ టైమ్‌కి కళ్లు మూసుకుని ఎదురుచూడటం మొదలుపెట్టాడు.

మూత్రం సంగతి ఎవరూ చెప్పరు, అందుకే నేను చెప్తున్నా. వెనక కాళ్లు పడిపోయిన చాలా కుక్కలు తమంతట తాము మూత్రం పోయలేవు. పక్క తడిసి ఉంటే మనం "పోస్తోందిలే" అనుకుంటాం. అది మూత్రపు తిత్తి నిండి పొంగి కారడం! లోపల అలాగే నిలిచిపోతే ఇన్ఫెక్షన్, ఆ తర్వాత కిడ్నీలు. పొట్ట కింద రెండు పక్కల నుంచి వేళ్లతో మెల్లగా నొక్కి రోజుకి మూడు నాలుగు సార్లు ఖాళీ చేయాలి, అది డాక్టర్ దగ్గర చేత్తో చేసి చూపిస్తేనే వస్తుంది, నేను మాటల్లో చెప్పి మీరు చేస్తే కుదరదు. పడుకున్న పక్క నాలుగు గంటలకోసారి మార్చాలి, లేదంటే పుండ్లు పడతాయి. అమ్మ రాత్రి రెండింటికి అలారం పెట్టుకునేది.

నాలుగు వారాల తర్వాత పొట్ట కింద నుంచి పాత తుండుగుడ్డ వేసి ఎత్తి నిలబెట్టడం మొదలుపెట్టాం. రెండు నిమిషాలు, తర్వాత ఐదు. పాదం బోర్లా తిరగబడిపోయేది, దాన్ని ప్రతిసారీ చేత్తో సరిగ్గా పెట్టాలి. అప్పుడు అర్థమైంది మా ఇంట్లో అసలు శత్రువు ఎవరో. నేల! మనందరి ఇళ్లలో ఇప్పుడు టైల్సే, గ్రానైటే, కాళ్లలో బలం ఉన్న కుక్కే జారుతుంది, లేనిది ఎలా నిలబడుతుంది? హాలంతా జంపఖానాలు పరిచి అంచులకి టేప్ వేశాం. మందులన్నిటికంటే అదే ఎక్కువ పని చేసిందేమో అనిపిస్తుంది నాకు. మీ ఇంట్లో ముసలి కుక్క ఉంటే దెబ్బ తగిలే దాకా ఆగకండి, ఇవాళే ఒక గరుకు పట్టా పరవండి.

ఆరో వారంలో తుండు వదిలేస్తే మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు నిలబడ్డాడు. అమ్మ ఏడ్చేసింది. పక్క ఇల్లు కడుతున్నారు అప్పుడు, వాళ్ల ఇసుక గుట్ట అంచున తుండుతో నడిపించాం. ఇసుకలో కాలు దిగబడుతుంది కాబట్టి ప్రతి అడుగూ ఎత్తి వేయాల్సిందే. తర్వాత నేల మీద చీపురు కర్రలు అడుగు దూరంలో వరసగా పెట్టి వాటి మీదుగా మెల్లగా దాటించడం. ఊళ్లో నీళ్లలో నడిపించే ట్రెడ్‌మిల్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు, నీళ్లు తుంటి ఎత్తున ఉంటే కాళ్ల మీద పడే బరువు అరవై శాతం దాకా తగ్గిపోతుంది. మాకు దొరకలేదు. ఇసుకా, తుండూ, చీపురు కర్రలతోనే గడిచింది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. వీడియోలు చూసి రెండో రోజే కుక్కని లేపి నడిపించేవాళ్లు, కాలవలో ఈత కొట్టించేవాళ్లు ఉన్నారు. దయచేసి వద్దు. డిస్క్ జారినప్పుడు మొదటి వారాల్లో గెంతనిస్తే ఉన్న ఆశ కూడా పోతుంది. రెస్ట్ అంటే రెస్టే, ఆ టైమ్‌లో ఏది చేయొచ్చో డాక్టరే చెప్పాలి. నొప్పిగా ఉందని మీరు వాడే ఐబుప్రోఫెన్ మాత్ర విరిచి పెట్టడం అంతకంటే ఘోరం, కుక్క కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి. ఇంకా ఒకటి, ప్రేమతో రెండు ముద్దలు ఎక్కువ పెట్టకండి. 48 లాబ్రడార్ల మీద బతికినంతకాలం చేసిన ఒక పరిశోధన ఉంది, 2002లో వచ్చింది. పావు వంతు తక్కువ తిన్న కుక్కలు దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటికి కీళ్ల అరుగుదల కూడా ఆలస్యంగా వచ్చింది. కాళ్లు బలహీనంగా ఉన్న కుక్కకి ప్రతి కిలో బరువే కదా.

చంటి ఇప్పుడు నడుస్తాడు. ఎడమ కాలు కొంచెం ఊగుతుంది, మలుపు తిరిగేటప్పుడు ఒక్కోసారి కూలబడి మళ్లీ లేస్తాడు. నడవకపోయినా పీవీసీ పైపులతో చక్రాల బండి చేయించి ఉంచుకునేవాళ్లం.

డాక్టర్లందరినీ తిట్టడం నా ఉద్దేశం కాదు. పశువుల ఆసుపత్రిలో గేదెలూ మేకలూ టీకాలూ చూసుకుంటూ ఒక్క డాక్టర్ ఎన్ని చేయగలరు? అమెరికాలో జంతువుల ఫిజియోథెరపీని స్పెషలిస్ట్ విభాగంగా గుర్తించిందే 2010లో. ఇక్కడ రాత్రికి రాత్రి సెంటర్లు వచ్చేయాలని అడగట్లేదు. ఆ చీటీలో ఇంకో రెండు లైన్లు అడుగుతున్నాను. ఏ కీలు, ఎన్నిసార్లు, ఎప్పటినుంచి, ఏం చేయకూడదు. కాంపౌండర్ మూత్రం తీయడం ఒకసారి చేత్తో చూపించాలి. ఇంటివాళ్లు చేస్తారు, చేయగలరు, అరవై రెండేళ్ల మా అమ్మ చేసింది.

మొన్న స్కూటర్ గుద్దిన కుక్కని అమ్మా నేనూ అదే డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్లాం. వేలు నొక్కగానే తిరిగి ఆయన చెయ్యి కరవబోయింది. మందులు రాసి ఇచ్చారు. అమ్మ చీటీ అందుకోకుండా "కసరత్తు కూడా రాయండి డాక్టర్ గారూ" అంది. ఆయన ఒక్క క్షణం అమ్మ వంక చూసి, కాగితం తిప్పి, వెనక వైపు రాయడం మొదలుపెట్టారు.