అడిగితే ఇస్తామన్నారు, అడిగాను

52వ నిమిషం. ఆవిడ కిటికీ దగ్గర నిలబడింది. చేతిలో ఉత్తరం. కవరు అంచు చింపింది, కాగితం సగం బయటికి లాగింది. అంతే, ఆగిపోయింది. ముఖమంతా గళ్ళు గళ్ళు, ముక్కు ఒక గడిలో, కన్ను ఇంకో గడిలో. ప్లేయర్ లోపల్నుంచి పిల్లి తలుపు గీరుతున్నట్టు చప్పుడు.

నిన్న రాత్రి నుంచి ఆవిడ నా బుర్రలో అలాగే నిలబడి ఉంది, ఉత్తరం పట్టుకుని.

సినిమా పేరు చెప్పను. చెబితే ఎవరో ఒక మహానుభావుడు కామెంట్లలో కథ మొత్తం రాసేస్తాడు. 1932 నాటిది, 74 నిమిషాలు. హాలీవుడ్‌లో సెన్సారు కోడ్‌ని 1934లో గట్టిగా బిగించారు కదా, అంతకు ముందు తీసిన వాటిలో ఒకటి, అంటే అసలు సంగతులన్నీ ఉండే రకం. ఇది చాలు మీకు.

తర్వాతి చాప్టరు నొక్కాను. ఈ డిస్కుల్లో చాప్టర్లు సీన్ల ప్రకారం పెట్టినవి అనుకుంటున్నారా? సినిమా చూస్తే కదా పెట్టడానికి. పది నిమిషాలకొకటి, రోడ్డు పక్కన మైలురాళ్ళు పాతినట్టు పాతుకుంటూ పోయారు. 52 నుంచి గెంతితే 60లో పడ్డాను. అక్కడ హీరో జైల్లో ఉన్నాడు, ఆవిడ నల్లబట్టల్లో ఉంది, ఉత్తరం ఎక్కడా లేదు. ఎవరు పోయారు? ఈయన జైల్లో ఎందుకున్నాడు? గబుక్కున టీవీ కట్టేశాను. అంతకన్నా చూస్తే ఉత్తరం చదవకుండానే సమాధానం తెలిసిపోయేలా ఉంది.

డిస్కు తీసి వెనక్కి తిప్పి చూశాను. అసలు సిసలు డీవీడీ వెనక వెండిలా మెరుస్తుంది. ఇది వంకాయ రంగు. తెలిసినవాళ్ళకి ఆ రంగు చూస్తే చాలు. అచ్చొత్తింది కాదు, మన ఇంట్లో కంప్యూటర్లో కాల్చుకునే డీవీడీ-ఆర్ లాంటిదే. అచ్చుడిస్కులో గుంటలు ప్లాస్టిక్‌లోనే పడి ఉంటాయి. దీంట్లో లేజరు ఒక రంగు పూత మీద మచ్చలు పెడుతుంది, అంతే. వెలుగు, వేడి, తేమ ఏది తగిలినా ఆ పూతకి దిగులే. (అచ్చొత్తినవి మాత్రం పాడవలేదా అని 2006-2008 మధ్య తయారైన వార్నర్ స్టూడియో డీవీడీల సంగతి తెచ్చి నా ముఖాన పెట్టకండి. తెలుసు. అది ఇంకో పోస్టు, దానికి ఇంకా ఎక్కువ బీపీ కావాలి.)

ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. ఈ డిస్కు నేను కొన్నది 2012లో. నిన్నటిదాకా సీలు విప్పలేదు. నవ్వండి. మీ అలమార్లలో సీలు విప్పనివి ఎన్నున్నాయో నాకు తెలియదా? కలెక్టరుకి సినిమా చూడ్డం ఒక సుఖం, ఎప్పుడైనా చూడొచ్చు అన్న ధీమా దానికి పదింతల సుఖం. ఆ ధీమాకే దాదాపు 20 డాలర్లు పోశాను. పదమూడేళ్ళకి పైగా ఆ ధీమా నా అలమారులో నిలువునా నిలబడి లోపల్లోపల చచ్చిపోతూ ఉందన్నమాట.

పెట్టె వెనక ఏం రాశారో నిన్ననే కళ్ళజోడు పెట్టుకుని చదివాను. ఈ డిస్కు డీవీడీ ప్లేయర్లలో ఆడుతుందని "ఆశించబడుతోంది" అట. కంప్యూటర్లలో, రికార్డర్లలో ఆడకపోవచ్చునట. ఆశించబడుతోంది! పెళ్ళి సంబంధం చూసే పంతులుగారు కూడా ఇంతకన్నా గట్టిగా మాటిస్తారు. డబ్బులు తీసుకునేటప్పుడు మాత్రం నా కార్డు పనిచేస్తుందని ఆశించి ఊరుకోలేదు, ముందే లాగేశారు.

సరే, స్టూడియో వాళ్ళకి రాశాను. మర్యాదగానే రాశాను, మా ఆయన సాక్షి. పొద్దున్నకల్లా జవాబు. ఒకటి, వాపసు గడువు దాటిపోయింది. రెండు, ఈ సినిమా ప్రస్తుతం మా జాబితాలో లేదు. మూడు, మీ ఆదరణకు కృతజ్ఞతలు.

జాబితాలో లేదట. దాని పేరే "ఆన్ డిమాండ్" కదరా నాయనా! అడిగిన రోజున ఒక్కటి కాల్చి పంపడమే కదా మీ వ్యాపారం! గోడౌన్లో సరుకు అయిపోయిందనడానికి మీకు గోడౌనే లేదు. ఖాళీ డిస్కు ఉంది, ఫైలు ఉంది, అడిగే మనిషిని నేనున్నాను, కార్డు చేత్తో పట్టుకుని. ఇంకేం తక్కువైంది?

కొత్తగా ఇందులోకి వచ్చిన పిల్లలకి రెండు ముక్కలు చెప్పాలి. 2009 మార్చిలో వార్నర్ వాళ్ళు వార్నర్ ఆర్కైవ్ అనే పేరుతో ఈ పద్ధతి మొదలుపెట్టారు, ఒకేసారి 150 సినిమాలతో. అంతకుముందు ఒక డీవీడీ తేవాలంటే అచ్చుదిమ్మ చేయించి వేల కాపీలు కొట్టించి షాపులకి పంపాలి. ఐదొందల మంది కూడా కొనరనుకున్న 1930ల సినిమాకి ఆ ఖర్చు ఎవడు పెడతాడు? అందుకని ఆర్డరొచ్చినప్పుడే ఒకటి కాల్చి పంపడం. వార్నర్ చేతిలో ఎంజీఎం వాళ్ళ పాత ఖజానా ఉంది, 1986లో టీవీ వ్యాపారి టెడ్ టర్నర్ ఎంజీఎం కొన్న పుణ్యమా అని. ఆర్‌కేఓ అనే పాత స్టూడియో సినిమాలు కూడా తిరిగి తిరిగి అక్కడికే చేరాయి. తర్వాత ఎంజీఎం పేరుతో ఒక వరస, సోనీ, యూనివర్సల్, 2012లో ఫాక్స్, అందరూ వరసకట్టారు.

ఆ మార్చిలో నేను ఏడ్చినంత పని చేశాను, సంతోషంతోనే. పాతికేళ్ళుగా పేరు మాత్రమే విన్న సినిమాలు, ఒక్క నొక్కుతో ఇంటికి! అప్పుడు మన గుంపులో సగం మంది ఏమన్నారో గుర్తుందా? "కాల్చిన డిస్కుకి 20 డాలర్లా, చీ." నేను వాళ్ళతో పోట్లాడాను. అసలు రాకపోవడం కన్నా ఎలాగో ఒకలా రావడం మేలు కదా అని పేజీలు పేజీలు రాశాను. ఆ పేజీలన్నీ ఇప్పుడు ఎవరో ఒకరు తవ్వి తెస్తారు. తెండి. ఉప్పుతో సహా మింగుతాను.

అయినా కాల్చిన డిస్కు ఒక్కటే అయితే సరిపెట్టుకునేదాన్నేమో. ఫాక్స్ వరస సంగతి చూడండి. 1953లో సినిమాస్కోప్ తెచ్చిందెవరు? వాళ్ళే. టీవీ చిన్న డబ్బా, మాది మహా వెడల్పు అని ప్రపంచమంతా చాటింది వాళ్ళే. అదే కంపెనీ అరవై ఏళ్ళ తర్వాత తన సినిమాస్కోప్ సినిమాల్నే కొన్నింటిని రెండు వైపులా కోసి, పాత టీవీ చదరంలో కుక్కి, ఆ వరసలో అమ్మింది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకరి ముక్కు కనపడుతుంది, ఇంకొకరి మోచెయ్యి కనపడుతుంది. ఎందుకంటే బీరువాలో టీవీ వాళ్ళ కోసం ఎప్పుడో చేసిన టేపు ఉంది, అది తీసి ఇచ్చేశారు. "అందుబాటులో ఉన్న వాటిలో శ్రేష్ఠమైన కాపీ" అంటూ ఇలాంటి పెట్టెల మీద రాస్తుంటారు చూశారా, దానర్థం "లేచి వెతకలేదు" అని.

న్యాయంగా చెప్పాలంటే వార్నర్ ఆర్కైవ్ 2012 నుంచి బ్లూ-రేలు అచ్చొత్తించి తెస్తోంది, కొన్ని చూస్తే కళ్ళు చెమరుస్తాయి, అంత బాగా శుభ్రం చేశారు. న్యాయంగా చెప్పడం అయిపోయింది. మళ్ళీ కోపానికొద్దాం.

ఈలోగా ఒక కుర్రాడు మెసేజ్ పెట్టాడు, "ఆంటీ, డిస్కులెందుకు, అన్నీ స్ట్రీమింగ్‌లో ఉన్నాయిగా." ఏవి నాన్నా అన్నీ? 2018 నవంబర్ 29న పాత సినిమాల స్ట్రీమింగ్ సర్వీసు ఫిల్మ్‌స్ట్రక్ మూసేసిన రోజు నువ్వు ఏ క్లాసు? ఆ ఏడాదే టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ వాళ్ళు టైమ్ వార్నర్‌ని కొన్నారు, దీన్ని చూసేవాళ్ళు తక్కువన్నారు, తాళం వేశారు. వార్నర్ ఆర్కైవ్‌కే సొంత స్ట్రీమింగ్ ఉండేది, దాన్నీ అదే ఏడాది తెచ్చి ఇందులో కలిపారు, కలిపి రెంటినీ ముంచారు. నీ వాచ్‌లిస్ట్ అనేది అద్దింటి గోడ మీద మేకు లాంటిది. ఓనరు పొమ్మంటే మేకు పీక్కుని వెళ్ళాలి. ఆంటీ అన్నందుకు విడిగా మాట్లాడతాను.

ఇంకో బాధ. వీళ్ళు మనకి ఉపకారం చేస్తున్నట్టు మాట్లాడతారు చూడండి, "మా ఖజానాలోంచి మీ కోసం" అని. ఏ ఖజానా? యూనివర్సల్ వాళ్ళు 1948లో తమ మూకీ సినిమాల నెగెటివ్‌లని తామే నాశనం చేసుకున్నారు. అమెరికాలో తీసిన మూకీ ఫీచర్లు సుమారు 10,900 అయితే అసలు రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమే అని 2013లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నివేదిక చెప్పింది. వీళ్ళు పారేసినవి దాచిందెవరు? చెత్తబుట్టల పక్కన నిలబడి రీళ్ళు ఏరుకున్న మనలాంటి పిచ్చివాళ్ళు. దర్శకుడు జాన్ ఫోర్డ్ 1927 సినిమా "అప్‌స్ట్రీమ్" ఎక్కడ బయటపడింది? న్యూజిలాండ్‌లో, ఒక ప్రొజెక్షనిస్టు దాచుకున్న ప్రింట్లలో. మరి అలా దాచుకున్నవాళ్ళకి దక్కిన సన్మానం? 1974 డిసెంబర్లో నటుడు రాడీ మెక్‌డోవల్ ఇంటి మీద ఎఫ్‌బీఐ దాడి. ఫిల్ము ప్రింట్లు, వెయ్యికి పైగా వీడియో క్యాసెట్లు పట్టుకుపోయారు. తన ఇంట్లో తను సినిమాలు దాచుకున్న పాపానికి! చివరికి కేసైనా పెట్టలేదు. అప్పుడు దొంగలం, 2009కల్లా "విలువైన కస్టమర్లం" అయ్యాం. మధ్యలో మారిందేమిటంటే, మన చేతిలో కార్డు ఉందని వాళ్ళకి తెలిసింది.

అయితే స్టూడియోల్ని తిట్టి ఊరుకుందామనే కూర్చున్నాను. నిజంగా. కానీ పొద్దున్న గళ్ళముఖం ఫోటో పెడితే దాని కింద ఒక కామెంటు వచ్చింది. "అయ్యో పాపం. నా టేపు ఇప్పటికీ శుభ్రంగా ఆడుతోంది."

ఎవరో తెలిసినవాళ్ళకి తెలుసు. ఆయన ఇక్కడి వాడే, తెలుగు రాదు, అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను. దయచేసి ఎవరూ ఆయనకి ట్రాన్స్‌లేట్ బటన్ చూపించకండి.

1998. ఈ సినిమా కాపీ ఆయన దగ్గర ఉందని ఎవరో చెప్పారు. 16 ఎంఎం ప్రింటు, దాన్నుంచి తీసిన టేపు. నాలుగు గంటలు కారులో వెళ్ళాం, నేనూ మా ఆయనా. బేస్‌మెంట్‌లో కూర్చోబెట్టాడు. లైటు తీసి ప్రొజెక్టరు వేశాడు. పది నిమిషాలు నడిచింది. టైటిల్సు, రైల్వే స్టేషను, ఆవిడ టోపీ సర్దుకుంటూ దిగడం. టక్కున ఆపేశాడు. "మిగతాది మీరేం తెచ్చారన్నదాన్ని బట్టి" అన్నాడు, నవ్వుతూ. నేను తీసుకెళ్ళిన రెండు టేపులు చేతిలో పట్టుకుని తూచాడు, కూరగాయల బేరంలా. ఒకటి ఐదో తరం కాపీ అన్నాడు. అంటే కాపీకి కాపీకి కాపీ, మనుషుల పక్కన వాళ్ళ దయ్యాలు కూడా నడుస్తుంటాయి చూడండి, అది. నిజమే, నా దగ్గర ఉన్నది అదే. లైటు వేసేశాడు. మా ఆయన అప్పటికే నిద్రలో ఉన్నాడు కాబట్టి ఈ అవమానానికి సాక్షి కూడా లేడు.

ఆయన్ని నేను క్షమించలేదు. స్టూడియోకి వ్యాపారం, దానికి సిగ్గుండదు. ఈయనకేం రోగం? నలుగురు చూస్తే రీలు అరిగిపోతుందా? 2012లో ఈ డిస్కు వచ్చినప్పుడు ఈయన పెట్టిన శోకం మీకు గుర్తుందో లేదో, "ఇక అరుదైనదంటూ ఏముంది, విలువంతా పోయింది" అని. సినిమా పోతుందని కాదు బాధ, తన దగ్గరే ఉందన్న గొప్ప పోతుందని. నేను ఆ రోజు ఆర్డరు పెట్టింది సగం సినిమా కోసం, సగం ఆయన మీద కసితో. సీలు విప్పకుండా ఊరికే అలమారులో పెట్టుకుని చూసినప్పుడల్లా కడుపు చల్లగా ఉండేది. ఇప్పుడర్థమైందా ఎందుకు విప్పలేదో?

ఇప్పుడేమో నా డిస్కు పోయింది, స్టూడియో జాబితాలోంచి సినిమా పోయింది, ఆయన టేపు మళ్ళీ అరుదైపోయింది. ఎంత ఆనందంగా ఉన్నాడో ఆ కామెంటులో ఫుల్‌స్టాప్ చూస్తేనే తెలుస్తోంది.

ఒక గంట కిందట ప్రైవేటుగా ఇంకో మెసేజ్ పెట్టాడు. వస్తే ఈసారి మొత్తం చూపిస్తాడట. "ఏం తెస్తున్నారు?" అని కూడా అడిగాడు, కింద నవ్వుముఖం పెట్టి.

మా ఆయన్ని అడిగాను. "నాలుగు గంటలు నేను నడపను, నిద్రపోవడానికైతే వస్తాను" అన్నాడు. అలమారు ముందు అరగంట నుంచి నిలబడి ఉన్నాను, సీలు విప్పని వాటి వెనకభాగం ఏ రంగో పెట్టె మీద నుంచి తెలుసుకునే ఉపాయం ఏదైనా ఉందా అని చూస్తూ.

ఉత్తరంలో ఏముందో మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి రాయొద్దు. రాసినవాళ్ళని బ్లాక్ చేస్తాను.