లింకన్ గారి బాకీ

అమెరికాలో ఎన్నికలు దగ్గరపడ్డాయంటే చాలు, డాలస్‌లో స్థిరపడిన ఒక పెద్దమనిషి నుంచి నాకు అదే ఫార్వర్డ్ వస్తుంది. బానిసత్వం పోగొట్టిన లింకన్ రిపబ్లికన్. దాన్ని వెనకేసుకొచ్చింది డెమోక్రాట్లు. అయినా నల్లజాతివాళ్లు డెమోక్రాట్లకే గుద్దుతారు. ఉప్పు తిన్న విశ్వాసం లేదు! కింద రెండు దండాల బొమ్మలు, ఒక జెండా.

అందులో చరిత్ర నిజమే. కాబట్టి మిగతాది కూడా భక్తిగా పరిశీలించాను. మేలు జరిగింది 1863లో. వడ్డీ ఎన్ని తరాలు కట్టాలి? మునిమనవళ్లు కూడానా? రాబర్ట్ వాన్ అనే నల్లజాతి పత్రికా సంపాదకుడు 1932లోనే లెక్క తేల్చేశాడు: ఇళ్లకెళ్లి లింకన్ పటాన్ని గోడవైపు తిప్పేయండి, ఆ బాకీ పూర్తిగా తీరిపోయింది అన్నాడు. నాలుగేళ్లకు డెమోక్రాట్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు వాళ్ల ఓట్లలో దాదాపు 70 శాతం పడ్డాయి. తిండికి కటకటలాడే రోజుల్లో పని చూపించినవాడికి ఓటేశారు. ఎంత కృతఘ్నులో చూడండి.

అదీ ఉత్తరాదిలో. దక్షిణాదిలో వాళ్లను ఓటు దాకా రానిస్తేగా! అక్కడి మిసిసిపీ రాష్ట్రంలో అప్పట్లో ఓటరుగా నమోదు కావాలంటే పరీక్ష రాయాలి. రాష్ట్ర రాజ్యాంగంలోని 285 సెక్షన్లలో గుమస్తా ఒకటి ఎంచి ఇస్తాడు. దాని అర్థం వివరించాలి. వివరణ సరిపోయిందో లేదో తేల్చేదీ ఆయనే. తెల్లాయన వస్తే ‘అప్పు తీర్చలేదని ఎవరినీ జైల్లో పెట్టరాదు’ అనే ఒక్క ముక్క సెక్షన్. నల్లాయన వస్తే పేరాలకు పేరాలు. 1962 ఆగస్టు 31న ఇండియనోలా అనే ఊళ్లో ఫ్యానీ లూ హేమర్ అనే పత్తిచేల కూలీకి ‘డి ఫాక్టో’ చట్టాల మీద ప్రశ్న తగిలింది. క్రిస్మస్ గురించి గుర్రానికి ఎంత తెలుసో ఆ చట్టాల గురించి తనకూ అంతే తెలుసని ఆవిడ తర్వాత చెప్పుకుంది. ఫెయిల్. 18 ఏళ్లు చాకిరీ చేసిన ఎస్టేటు నుంచి యజమాని ఆ రోజే వెళ్లగొట్టాడు.

మన డాలస్ సార్‌ని ఆ కౌంటర్ ముందు నిలబెట్టి చూడాలని నా చిరకాల కోరిక. సార్ సర్టిఫికెట్ల ఫైలు తీస్తారు. ఎంటెక్, ఫస్ట్ క్లాస్. గుమస్తా ఫైలు వైపు చూడడు, మొహం చూస్తాడు. సెక్షన్ ఇస్తాడు. సార్ నాలుగు పేజీలు రాస్తారు, సైడ్ హెడ్డింగులు పెట్టి, స్కేలుతో అండర్‌లైన్ కొట్టి. గుమస్తా దాన్ని మడిచి సొరుగులో పడేస్తాడు. మార్కులెన్ని అని అడుగుతారు సార్. రీవాల్యుయేషన్‌కు ఫీజెంత అంటారు. అడిషనల్ షీట్ కూడా చూడమని బతిమాలతారు. ఆ తర్వాత రెండు వారాలు సార్ పేరు లోకల్ పేపర్లో పడుతుంది, చట్టప్రకారమే. ర్యాంకు వచ్చిందని మాత్రం అనుకోకండి. పని ఇచ్చినవాడు చూసి పీకేయడానికి.

ఈ ఘనకార్యం డెమోక్రాట్లదే. ఫార్వర్డ్ అక్కడికి రాగానే డేటా ప్యాక్ అయిపోయినట్టు ఆగిపోతుంది. 1964లో డెమోక్రాట్ అధ్యక్షుడు జాన్సన్ పట్టుబట్టి పౌరహక్కుల చట్టం తెచ్చాడు. 33 మంది రిపబ్లికన్ సెనెటర్లలో 27 మంది సరేనన్నారు, లింకన్ పరువు నిలిపారు. వద్దన్న ఆరుగురిలో ఒకడు బ్యారీ గోల్డ్‌వాటర్. ఆ పార్టీ ఏరికోరి అధ్యక్ష పదవికి నిలబెట్టింది ఆయన్నే! 1936లో రూజ్‌వెల్ట్‌కు 97 శాతం ఓట్లేసిన మిసిసిపీ, ఆ నవంబరులో గోల్డ్‌వాటర్‌కు 87 శాతం వేసింది. ఓటర్ల జాబితాలో నల్లవాళ్లు అప్పటికీ అరకొరే కాబట్టి, ఆ ఓట్లు ఎవరివో వేరే చెప్పక్కర్లేదు. గుమస్తాగారు పార్టీ మారారు. అభిప్రాయం అలాగే ఉంచుకున్నారు. సౌత్ కరోలినా సెనెటర్ స్ట్రామ్ థర్మాండ్ అదే సెప్టెంబరులో కండువా మార్చాడు. పాపం, ‘నియోజకవర్గ అభివృద్ధి కోసమే’ అని చెప్పడం ఆయనకు చేతకాలేదు.

2005లో రిపబ్లికన్ జాతీయ కమిటీ ఛైర్మన్ కెన్ మెల్‌మన్, నల్లజాతివాళ్ల హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ సభలో నిలబడి, మావాళ్లు కొందరు జాతుల మధ్య చీలికతో లాభపడాలని చూశారు, అది తప్పు అని ఒప్పుకున్నాడు. డాలస్ శాఖ ఇంకా ఒప్పుకోలేదు.

ఇంతకీ సార్ అక్కడికెలా వెళ్లారు? 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో, మీరు తెల్లవాళ్ల లెక్కలోకి రారు, పౌరసత్వం ఇవ్వం అని అమెరికా సుప్రీంకోర్టు మొహం మీదే చెప్పింది. 1946లో దయతలచి మన దేశం మొత్తానికి ఏడాదికి 100 మంది కోటా విదిల్చారు. 1965 ఆగస్టు 6న జాన్సన్ ఓటు హక్కు చట్టం మీద సంతకం పెట్టాడు. రెండు నెలలు తిరక్కుండానే, అక్టోబరు 3న, మనకు గేటు తీసిన వలస చట్టం మీద పెట్టాడు. జాతిని చూసి మనిషిని ఆపడం తప్పని ఆ దేశం చేత ఒప్పించింది ఎవరు? అదే ఏడాది మార్చిలో ఓటు హక్కు కోసం ఊరేగింపుగా నడుస్తూ సెల్మా వంతెన మీద లాఠీలు తిన్నది ఎవరు? మన తాతలా? మన టోఫెల్ స్కోర్లా? వాళ్లు తలలు పగలగొట్టించుకుని తీయించిన గేటులోంచి ఆవకాయ జాడీతో సహా దర్జాగా నడిచెళ్లి, వాళ్లకే విశ్వాసం లేదని ఫార్వర్డ్ చేస్తారా? సిగ్గుండక్కర్లా?