తెలుగు అక్షరానికి తాళం వేయకండి

మొన్న ఒక ప్రభుత్వ కార్యాలయం వెబ్‌సైటు నుంచి భూముల సర్వేకు సంబంధించిన ఉత్తర్వును డౌన్‌లోడ్ చేసుకున్నాను. ఆరు పేజీల పీడీఎఫ్. తెరమీద తెలుగు గుండ్రంగా, ముచ్చటగా కనిపిస్తోంది. మా ఊరి పేరు ఎక్కడుందో చూద్దామని వెతికితే ఫలితాలు లేవని వచ్చింది. ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట అతికించాను. తెలుగు మాయమై ఇంగ్లిషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు బారులు తీరాయి. పాత డీటీపీ ఫాంటుతో కూర్చిన ఆ ఉత్తర్వు కంటికి తెలుగే, కంప్యూటర్‌కు మాత్రం కాదు.

ఈ జబ్బు పాతది. 2000 ప్రాంతంలో తెలుగు దినపత్రికలు వెబ్‌లోకి వచ్చినప్పుడు ఎవరి ఫాంటు వారిదే. ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన గళ్లలో తలకట్లను, కొమ్ములను, వత్తులను విడివిడిగా కూర్చోబెట్టారు. ఒక పత్రిక ‘క’ పెట్టిన గడిలో మరో పత్రిక రావత్తు పెట్టుకుంది. ఆ ఫాంటు మీ దగ్గర లేకపోతే పేజీ నిండా పిచ్చిగీతలే. తమంతట తామే దిగే ఫాంట్లు కొన్ని వచ్చినా, వాటిలో చాలావరకు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను నమ్ముకున్నవే. చివరికి ఆ గజిబిజిని యూనికోడ్‌లోకి, అంటే ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో స్థిరమైన సంకేతం ఇచ్చే ఉమ్మడి ప్రమాణంలోకి, మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ రాయవలసి వచ్చింది. ఒక్కో ఫాంటుకు ఒక్కో పట్టిక తయారు చేసిన ఆ ఓపికకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. అయితే అంత తెలివి, అంత శ్రమ అసలు అక్కరలేని సమస్య మీద ఖర్చయ్యాయన్న బాధ కూడా ఉంది.

ఎందుకంటే దారి అప్పటికే ఉంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. ఆ పద్ధతిలో ‘తెలుగు’ అనే మాట ఆరు సంకేతాలు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, మళ్లీ కొమ్ము. ఆ సంకేతాలను కంప్యూటర్‌లో భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో దాచుకుంటే 18 బైట్లు. అక్షరం అందం ఫాంటు చూసుకుంటుంది, అక్షరం మాత్రం మారదు. విజయవాడలో టైపు చేసి డల్లాస్‌లో చదివినా అవే ఆరు సంకేతాలు.

ఈ సరళత్వం ఊరికే రాలేదు. ఏ హల్లు కింద ఏ వత్తు ఎలా కూర్చోవాలో ఫాంటులో నియమాలు రాయాలి, వాటిని పాటించే యంత్రాంగం ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉండాలి. ఆ బరువును కొందరు ఒకసారి మోశారు కాబట్టే ఈరోజు ఫోనులో తెలుగు రాసేవారెవరికీ దాని ఊసే తెలియదు. సొంత ఫాంటు దారిలో తయారుచేసినవారికి ఆ పూటకు పని తేలికయింది, బరువంతా పాఠకుల నెత్తిన పడింది.

ప్రమాణాలు నత్తనడకన సాగుతాయని డెవలపర్లు విసుక్కుంటారు. నిజమే. ‘న్’ పాత రూపమైన నకారపొల్లుకు యూనికోడ్‌లో సొంత స్థానం 2021లో గానీ రాలేదు. ‘ౘ’, ‘ౙ’లు 2008లో చేరాయి. కానీ ఆ అక్షరాలు ఎందుకు కావాలో వివరించే ప్రతిపాదనలు బహిరంగంగా ఉన్నాయి. ఎవరైనా చదవవచ్చు, అభ్యంతరం చెప్పవచ్చు, కొత్తది పంపవచ్చు. ఒక కంపెనీ సొంత ఫాంటు పట్టికలో లోపం ఉంటే ఆ తలుపు ఎవరు తట్టాలి?

ఆనాటి తప్పే నేడు వెబ్ తయారీలో వేషం మార్చుకుని తిరుగుతోంది. బటన్, తేదీ పెట్టె, జాబితా వంటివి వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ భాషలో సిద్ధంగా ఉన్నాయి. వాటిని పక్కనపెట్టి, ఉత్త పెట్టెలు గీసి, బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌తో బటన్లలా నటింపజేస్తున్నారు. చూపులేనివారు వాడే ఎన్‌వీడీఏ వంటి సాఫ్ట్‌వేర్ అసలైన బటన్‌ను బటన్ అని చదివి వినిపిస్తుంది. పైపై అలంకరణతో చేసినదాన్ని గుర్తించలేదు. దరఖాస్తు నింపుతున్న మనిషి ‘సమర్పించు’ దగ్గర ఆగిపోతాడు. నాలుగు పేరాల ప్రకటన కోసం మెగాబైట్ల కొద్దీ స్క్రిప్టు దిగాలంటే, చవక ఫోనులో తెల్ల తెరే మిగులుతుంది. పటాలకో, లెక్కల పట్టికలకో స్క్రిప్టు కావాలి, కాదనను. ప్రకటనకు ఎందుకు?

పైగా ఇతరుల కోడ్ మీద ఆధారపడే అరువు సరుకు ఎంత ఎక్కువైతే పునాది అంత బలహీనం. 2016 మార్చిలో ‘లెఫ్ట్‌ప్యాడ్’ అనే పదకొండు లైన్ల కోడ్‌ను దాని రచయిత తొలగించగానే ప్రపంచవ్యాప్తంగా ఎన్నో ప్రాజెక్టుల నిర్మాణం ఆగిపోయింది. వెబ్‌లో కదిలే బొమ్మలకు, ఆటలకు వాడిన, ఒక కంపెనీ చేతిలో ఉన్న ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌కు 2020 డిసెంబరు 31తో మద్దతు ముగిసింది, దానిలో చేసిన పాఠాలు, ఆటలు బ్రౌజర్లలో మూగబోయాయి. 1993 ఏప్రిల్ 30న యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ వెబ్ సాంకేతికతను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా వదిలిపెట్టింది. ఆ తొలినాళ్ల పేజీలు మాత్రం ఇవాళ్టి ఫోనులో కూడా తెరుచుకుంటాయి.

ప్రభుత్వ వెబ్‌సైట్ల టెండరు పత్రాల్లో రెండు పరీక్షలు చేర్చాలి. ప్రతి పత్రంలోని తెలుగు వాక్యాన్ని కాపీ చేస్తే తెలుగులాగే అతకాలి. జావాస్క్రిప్ట్ ఆపేసినా ప్రకటన చదవగలగాలి. వీటిని తనిఖీ చేయడానికి నిపుణుడు అక్కరలేదు, కార్యాలయంలో ఏ గుమాస్తా అయినా ఐదు నిమిషాల్లో చూసి చెప్పగలడు.

ఆ ఆరు పేజీల ఉత్తర్వును చివరికి నేనే కూర్చుని యూనికోడ్‌లో టైపు చేశాను. ఒక సాయంత్రం పట్టింది. మా ఊరి పేరు నాలుగో పేజీలో ఉంది. అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఇచ్చిన గడువు కూడా అదే పేరాలో ఉంది.