మూడో స్తంభం చిరునామా

ఈ వారంలో అదే సందేశం నాకు నాలుగోసారి వచ్చింది. ఫుట్‌పాత్‌ల మీద, వంతెనల కింద బతికే కుటుంబాల పిల్లలను చిరునామా, వయసు రుజువు లేకుండా ప్రభుత్వ బడిలో చేర్చుకోవడం చట్టవిరుద్ధమని, అమెరికాలోనూ చేర్చుకోరని, చేర్చుకున్నా మూడు నెలల్లో మాయమవుతారని, కాబట్టి వాళ్ళకు విడిగా బడులు పెట్టి ‘మన పిల్లలను’ కాపాడుకోవాలని దాని సారాంశం. పంపినవారిలో ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులు కూడా ఉన్నారు కనుక ఊరుకోలేకపోతున్నాను.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదంటుంది. టీసీ రావడం ఆలస్యమైందని ఆపకూడదని 5వ సెక్షన్, గడువు దాటి వచ్చారని కాదనకూడదని 15వ సెక్షన్ చెబుతాయి. ఆధార్ లేదని పిల్లలను తిప్పి పంపరాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులోనే తేల్చింది.

ఇంత ఉన్నా ఒక ప్రవేశ దరఖాస్తు నాకు ఇప్పటికీ గుర్తు. ‘శాశ్వత చిరునామా’ అన్న గడిలో, తండ్రి చెబుతుంటే ఎవరో ‘ఫ్లైఓవర్ కింద, మూడో స్తంభం’ అని రాసి, మళ్ళీ కొట్టేసి, పక్కన చిన్న అక్షరాలతో ‘లేదు’ అని రాశారు. పదకొండేళ్ళుగా ఆ స్తంభం దగ్గరే ఉంటున్న ఆ కుటుంబం చాలామంది అద్దెదారుల కన్నా శాశ్వతంగానే ఉన్నట్టు లెక్క. అయినా వాళ్ళకు దొరికిన సమాధానం ‘రేపు రండి’.

అమెరికా సంగతి ఒక్క వాక్యంతో సరి: 1987లో మొదలైన మెకిన్నీ–వెంటో చట్టం అక్కడ ఇల్లు లేని పిల్లలను కాగితాలు లేకపోయినా వెంటనే చేర్చుకోవాలంటుంది.

ఇక విడి బడుల మాట. సందేశంలో అన్నిటికన్నా నీచమైనది ఇదే. అన్నిటికన్నా మర్యాదగా రాసిందీ ఇదే. ఆ పిల్లల వల్ల పేలు, జబ్బులు, బూతులు వస్తాయట. పేలు ఇంటి పన్ను రసీదు చూసి తలకెక్కవు. బూతులు నేర్చుకోవడానికి మన పిల్లలు వంతెన కిందికి వెళ్ళనక్కర్లేదు, ట్రాఫిక్‌లో ఇరుక్కున్న నాన్న పక్కన పది నిమిషాలు కూర్చుంటే చాలు. జబ్బంటే భయమైతే బడికి నీళ్ళు, సబ్బు, వైద్య పరీక్షలు అడగాలి. అవి అందరికీ పనికొస్తాయి. విడిగా కట్టిన బడి మాత్రం ‘ఇల్లు లేనివాడు’ అన్న ముద్రను హాజరుపట్టీ దాకా తెచ్చి, ఇల్లు దొరికిన తరువాత కూడా చెరగనివ్వదు. సందేశం సాక్ష్యానికి పిలిచిన ఆ అమెరికా చట్టమే ఇలా వేరు చేయడాన్ని నిషేధించింది.

మూడు నెలల్లో మాయమవుతారన్న మాట దగ్గర మాత్రం నేను తగ్గక తప్పదు, ఎందుకంటే అది చాలాసార్లు నిజమే. వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని మన విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ అంటుంది కానీ, రెండు తరగతులను ఒక్కరే చూసుకునే బడిలో ఆ శిక్షణ కాగితం దాటి రాదు. పోలీసులు వంతెన కింద ఖాళీ చేయించిన రోజున పాప ఇంకో వార్డుకు వెళ్తుంది, పేరు పాత బడిలోనే ఉండిపోతుంది. దానికి మందు ప్రవేశం ఆపడమా? కొత్త బడి పేరు రాసుకుని, పాత బడికి ఒక ఫోన్ చేస్తే సరిపోయే పని అది. ఆ ఫోన్ చేయవలసింది ఎవరో ఇప్పటికీ ఏ బడిలోనూ ఎవరూ నాకు చెప్పలేకపోయారు.