క్లినికల్ ట్రయల్ నిధులు: ప్రపోజల్ తేలిపోయేది లెక్కల దగ్గరే

పురుగుల మందు తాగిన కేసులు వరంగల్ ఎంజీఎంకు కొత్త కాదు. పత్తి, మిర్చి పండే చుట్టుపక్కల జిల్లాలకు పెద్ద దవాఖాన అదే. ఇన్ని కేసులున్నప్పుడు చికిత్సను రోగుల మీద పరీక్షించి చూసే ట్రయల్‌కు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిధులు అడగొచ్చు కదా అనిపించడం సహజం. అడగొచ్చు. కానీ వార్డుకొచ్చే కేసులు వేరు, ట్రయల్‌కు పనికొచ్చే కేసులు వేరు.

చికిత్సకు వాడే ఒక మందుతో మరణాలు 30 శాతం నుంచి 20కి తగ్గుతాయని నిరూపించాలనుకుందాం. 80 శాతం పవర్ (నిజంగా తేడా ఉంటే అది బయటపడే అవకాశం), 5 శాతం సిగ్నిఫికెన్స్ (లేని తేడా ఉన్నట్టు కనిపించే అవకాశం) పెట్టుకుంటే, ఆ మందు ఇచ్చే గ్రూపుకు, ఇవ్వని గ్రూపుకు దాదాపు 293 మంది చొప్పున కావాలి. మధ్యలో 10 శాతం జారిపోతారనుకుంటే 326, రెండు గ్రూపులకు 652. మరణాలు 25 శాతానికే తగ్గుతాయంటే గ్రూపుకు 1,250 మందైనా కావాల్సిందే. అంతమంది దొరకరని తెలిసి, మందు ప్రభావాన్నే పెంచి రాసుకుంటారు. ప్రపోజల్ పరిశీలించే స్టాటిస్టీషియన్ మొదట పట్టుకునేది దాన్నే.

అందుకే దరఖాస్తుకు ముందే ఏడాది కేస్ షీట్లు తీయించి వడపోయాలి. ఏ పురుగుల మందు తాగారో తెలియనివి, ఆలస్యంగా వచ్చినవి, దారిలో ఏ నర్సింగ్ హోంలోనో విరుగుడు మందు అట్రోపిన్ పడ్డవి, రెండో రోజే హైదరాబాద్ తీసుకెళ్లినవి తీసేయాలి. రోగికి స్పృహ ఉండదు కాబట్టి సమ్మతి పత్రం మీద బంధువు సంతకం పెట్టాలి. పోలీసు కేసని బెదిరి ఉన్న మనిషి ఇంకో కాగితం ముట్టుకోడు. ఇవన్నీ పోగా మిగిలిన అంకెనే ప్రపోజల్‌లో రాయాలి. అది చాలకపోతే కరీంనగర్, ఖమ్మం వంటి చోట్ల కాలేజీలను కలుపుకోవడమే దారి.

బడ్జెట్‌లో పరికరాలకు ఉదారంగా, మనుషులకు పిసినారిగా రాయడం మన దగ్గర అలవాటు. విషం కేసులు రాత్రీ పగలూ వస్తాయి. పది నుంచి ఐదు దాకా ఉండే ఒక్క కోఆర్డినేటర్‌తో సగం కేసులు చేజారతాయి. మూడు షిఫ్టులకూ మనుషులను చూపాలి. మూడు నెలల తర్వాత ఏటూరునాగారం నుంచి మళ్లీ రమ్మంటే బస్సు ఛార్జీతోపాటు ఆ రోజు కూలీ ఇవ్వాలి. పత్తి ఏరే రోజుల్లో అదిచ్చినా రావడం కష్టమే. ఇక మేడారం జాతర వారంలో ఫాలోఅప్ పెట్టుకోవడం మరీ అమాయకత్వం! ట్రయల్ ఇన్సూరెన్స్‌కూ పద్దు ఉండాలి. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం తప్పవు.

ఎథిక్స్ కమిటీ ఆమోదం, మొదటి రోగిని చేర్చుకునే ముందే సీటీఆర్ఐలో (దేశంలోని ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు ఎలాగూ ఉంటాయి.

మంజూరయ్యాక కొంప ముంచేవి రెండు. డబ్బు విడతలుగా వస్తుంది. వచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ పత్రం 12-ఏ ఫారంలో వెళ్లకపోతే తర్వాతి విడత ఆగుతుంది, కాంట్రాక్టు సిబ్బంది జీతాలు ఆగుతాయి, వాళ్లు వేరే ఉద్యోగం చూసుకుంటారు. రెండోది బదిలీ. ప్రధాన పరిశోధకుడు ఇంకో కాలేజీకి వెళ్తే పని అందుకునే సహ పరిశోధకుడి పేరు మొదటి రోజు నుంచే దరఖాస్తులో ఉండాలి, అదీ వేరే విభాగం నుంచి.