సవరణ: డిగ్రీ ఆలస్యమైతే ఫెయిలైనట్టు కాదు

డిగ్రీ ఆలస్యమవడానికి సబ్జెక్టులు తప్పడమే ప్రధాన కారణమని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. ఒక్క సబ్జెక్టూ తప్పకుండానే వెనకబడిపోవచ్చు.

అమెరికా లెక్కే చూడండి. అక్కడ నాలుగేళ్ల డిగ్రీకి మామూలుగా 120 క్రెడిట్లు (కోర్సు పూర్తిచేస్తే లెక్కలో చేరే పాయింట్లు) కావాలి, అంటే సెమిస్టర్‌కు 15. కానీ ప్రభుత్వ ఆర్థిక సాయం నిబంధనల ప్రకారం 12 తీసుకున్నా ఫుల్‌టైమ్ విద్యార్థే. 12 చొప్పున ఎనిమిది సెమిస్టర్లు చదివితే వచ్చేవి 96. మిగిలిన 24 క్రెడిట్లకు అదే వేగంతో ఇంకో ఏడాది పడుతుంది. అన్నిట్లో మంచి మార్కులొచ్చినా ఇంతే! ఈ చిన్న లెక్క నేను ముందే వేసుకోవాల్సింది.

మధ్యలో మేజరో (ప్రధాన సబ్జెక్టు), కాలేజో మారితే పాత క్రెడిట్లలో కొన్ని కొత్త డిగ్రీకి పనికిరాకపోవచ్చు. తప్పనిసరి కోర్సు ఏడాదికోసారే పెడితే, సీటు దొరకనివాళ్లు మళ్లీ ఏడాది ఆగాలి. దాని తర్వాత చదవాల్సినవీ ఆగిపోతాయి. ఇక ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు తక్కువ కోర్సులు తీసుకునేది బద్ధకంతో కాదు, టైం లేక.

ఇంకోటి. 'నాలుగేళ్లలో పూర్తిచేయనివాళ్లంతా మానేసినట్టే' అన్న వాక్యం తీసేశాను. అక్కడి అధికారిక గ్రాడ్యుయేషన్ రేటును (చేరినవాళ్లలో డిగ్రీ పూర్తిచేసినవాళ్ల శాతం) మామూలు గడువుకు 150 శాతం, అంటే నాలుగేళ్ల డిగ్రీకి ఆరేళ్లు ఇచ్చి లెక్కిస్తారు.